ఏమేం కవర్ చేశారు?

మా ఆడపడుచు పోయిన వారం వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటు పంపింది. వచ్చే నెల భార్యాభర్తలిద్దరూ అమెరికా వెళ్తున్నారు. అక్కడున్న అల్లుడు వాళ్ళకోసం ఎనిమిది రోజుల రోడ్ ట్రిప్పు ప్లాన్ వేశాడు. గడికో ఊరు, పక్కన గంటలు. ఆకుపచ్చ రంగు వేసినవి తప్పనిసరిగా చూడాల్సినవి, పసుపువి టైముంటే చూసేవి, ఎర్రవి హోటళ్ళు. కూర్చుని లెక్కపెట్టాను. ఎనిమిది రోజుల్లో పదమూడు చోట్లు. గ్రాండ్ కాన్యన్‌కి ఇచ్చింది రెండున్నర గంటలు, అందులోనే మధ్యాహ్నం భోజనం. కింద వాయిస్ మెసేజ్: "వదినా, మీరు వెళ్ళినప్పుడు ఏమేం కవర్ చేశారో చెప్పు. మేం ఏమన్నా మిస్సవుతున్నామేమో చూడు."

రెండు రోజులు జవాబు పెట్టలేదు. ఏమని పెట్టను? 2022 అక్టోబరులో మేమిద్దరం, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉండే మా అబ్బాయి ఇంటినుంచి, వాడి కారు తీసుకుని ఆరు రోజులు తిరిగాం. చూసినవి రెండు. ఒకటి గ్రాండ్ కాన్యన్, రెండోది హూవర్ డ్యామ్. ఆ డ్యామ్ దగ్గర్నుంచి లాస్ వేగస్ ముప్పావుగంట దారి. అంతదాకా వెళ్ళి వేగస్ చూడకుండా వెనక్కి తిరిగాం. అది విని అప్పట్లో ఇదే ఆడపడుచు, "అలిపిరి దాకా వెళ్ళి కొండెక్కకుండా వచ్చినట్టుంది వదినా" అంది.

ఈ 'కవర్ చేయడం' అనే మాట నాకు కొత్తది కాదు. ముప్ఫై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ చెప్పాను. పరీక్షలలోపు సిలబస్ కవర్ చేయడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. కవర్ చేసిన పాఠాలన్నిటికీ డైరీలో టిక్కు ఉండేది, పై అధికారులు సంతోషించేవారు. పిల్లలకి మాత్రం ఏ పాఠం దగ్గర నేను ఆగిపోయి, పుస్తకం మూసి, పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పానో అదే గుర్తుండేది. ప్రయాణాలకీ ఇదే వర్తిస్తుందని అనుకోవడానికి నాకు అరవై మూడేళ్ళు పట్టింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిటైరైనవాళ్ళ ప్రయాణానికి ప్లాన్ వేసేవాళ్ళు, ఏం చూడాలో రాసే ముందు ఎక్కడెక్కడ ఆగొచ్చో రాయాలి. ఎవరు 'ఆపండి' అంటే బండి ఆగుతుందో కూడా తేల్చుకోవాలి. ఇది ఒట్టి ఓపిక సంగతనుకునేరు. దీని వెనక నీళ్ళు తాగడం ఉంది, బాత్రూము ఉంది, మొహమాటం ఉంది.

పదహారు గంటలు

హైదరాబాద్ నుంచి దోహా నాలుగున్నర గంటలు. అది పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్ళినట్టే గడిచిపోతుంది. దోహా నుంచి లాస్ ఏంజెలెస్ పదహారు గంటలు. అదీ అసలు పరీక్ష. మాకు దొరికినవి కిటికీ పక్కదీ, మధ్యదీ. నడవ పక్కన ఒక కుర్రాడు, ఎక్కీ ఎక్కగానే దుప్పటి కప్పుకుని నిద్రపోయాడు.

ఊళ్ళో డాక్టరుగారు మరీ మరీ చెప్పారు: నీళ్ళు బాగా తాగండి, గంటన్నరకోసారి లేచి నడవండి, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు వేసుకోండి, కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మేజోళ్ళు వేసుకున్నాను. మిగతా రెండూ పాటించలేదు. నీళ్ళు తాగితే లేవాలి. లేస్తే ఆ కుర్రాణ్ణి లేపాలి. ఒకసారి లేపాను, పాపం ఏమీ అనలేదు. రెండోసారి లేపడానికి మనసొప్పక, విమాన సిబ్బంది నీళ్ళ గ్లాసులు పట్టుకొచ్చిన ప్రతిసారీ వద్దన్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది. లోపలి గాలి ఎలాగూ ఎడారి గాలంత పొడిగా ఉంటుంది. ఆ పదహారు గంటల్లో నేను లేచింది ఆ ఒక్కసారే. మా అబ్బాయి పెట్టిన ఖర్చులో నడవ సీటుకి ఇంకొంత కలిపితే సరిపోయేది. కానీ ఆ మాట వాడికి చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. కొడుక్కి అది చెప్పే తరం కాదు మాది.

(మధ్యలో ఒక ఉపకథ. మావాడు భోజనం దగ్గర 'హిందూ మీల్' అని టిక్కు పెట్టాడు. రేకు తీస్తే కోడికూర. ఆ పేరుతో ఇచ్చే భోజనంలో గొడ్డుమాంసం ఉండదు, అంతే, మిగతా మాంసం ఉండొచ్చు. శాకాహారులు 'ఏషియన్ వెజిటేరియన్' అని పెట్టుకోవాలి. మావారు ఆ పూటకి బ్రెడ్డూ ఆవకాయతో సరిపెట్టుకున్నారు.)

లాస్ ఏంజెలెస్‌లో దిగాక వీల్‌చెయిర్. నడవలేక తీసుకోలేదు. "లైను తప్పుతుంది, మాట్లాడే పని వాళ్ళే చూసుకుంటారు" అని మావాడు పెట్టించాడు. మనవాళ్ళు సగంమంది అందుకే పెట్టించుకుంటారు. అందులో తప్పుపట్టడానికేం లేదు, ఇంగ్లీషు భయం కూడా మోకాలి నొప్పిలాంటిదే. కాకపోతే నన్ను తోసినావిడ వయసు నాకంటే ఎక్కువ. జుట్టంతా తెల్లగా ఉంది. దారిలో రెండు చోట్ల బాత్రూము బోర్డు కనిపించింది. ఆవిణ్ణి ఆపమనడానికి నోరు రాలేదు. అలాగే ఇమిగ్రేషన్ దాటి, పెట్టెలు తీసుకునే దగ్గరిదాకా వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో వీల్‌చెయిర్ వద్దని నడిచాను. లైన్లో గంటకుపైగా నిలబడ్డాను. మోకాళ్ళు లాగాయి. అయినా బోర్డు కనిపించిన చోటల్లా ఆగాను.

తర్వాతి రెస్ట్ ఏరియా ఇన్ని మైళ్ళు

మావారు ఇరిగేషన్‌లో చేశారు. సాగర్ కుడికాలువ మీద జీపులో తిరిగిన ముప్ఫై ఏళ్ళ డ్రైవింగు ధీమా ఉంది. నరసరావుపేటలో ఉండగానే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నారు. అయినా మావాడు వారం రోజులు పక్కన కూర్చుని నేర్పాడు. కుడివైపు నడపడం రెండు రోజుల్లో పట్టుబడింది. పట్టుబడనిది నాలుగు రోడ్ల కూడలిలో స్టాప్ బోర్డు. ముందు వచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలి. ఈయన ముందొచ్చి కూడా మర్యాదకి చెయ్యి ఊపి అందర్నీ వెళ్ళమనేవారు. వాళ్ళు ఈయన్ని వెళ్ళమనేవారు. నలుగురూ ఆగిపోయేవాళ్ళు. "నాన్నా, ఇక్కడ మన వంతు మనం తీసుకోవడమే మర్యాద" అన్నాడు మావాడు.

చాండ్లర్ నుంచి ఉత్తరానికి ఐ-17 రోడ్డు ఎక్కితే, గంట దాటాక సన్‌సెట్ పాయింట్ అని ఒక రెస్ట్ ఏరియా వస్తుంది. కొండ అంచున కట్టారు. బాత్రూములు, నీళ్ళు, నీడ, బెంచీలు, కింద లోయ. డబ్బులు అడిగేవాడు లేడు. నేను అక్కడ అరగంట కూర్చున్నాను. మళ్ళీ రోడ్డెక్కాక ఆలోచిస్తే, కారులో కూర్చుని సీసాడు నీళ్ళు పూర్తిగా తాగడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఈ మాట ఆడవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. మన రోడ్ల మీద బయల్దేరే ముందు రాత్రినుంచే నీళ్ళు తగ్గించేస్తాం. పెట్రోలు బంకులో బాత్రూము ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, తాళంచెవి ఇచ్చే కుర్రాడు మనల్ని ఎగాదిగా చూస్తాడు. మగవాళ్ళకి రోడ్డు పొడవునా చెట్లే. కాబట్టి ఎక్కడ ఆగాలో వాళ్ళకెప్పుడూ సమస్య కాలేదు. ప్లాన్ వేసేది కూడా వాళ్ళే. అక్కడ రోడ్డు మీద తర్వాతి రెస్ట్ ఏరియా ఎన్ని మైళ్ళో బోర్డు రాసి ఉంటే, అదొక హామీలా చదువుకున్నాను. ప్రతి ఒక్కటీ డైరీలో రాసుకున్నాను. మావారు, "ఇదేం లెక్క, గుళ్ళ పేర్లు రాసుకున్నట్టు" అని నవ్వారు.

ఇంత చెప్తున్న నేను ఒకరిని ఆగనివ్వని మనిషినే.

1998లో వ్యాను మాట్లాడుకుని శ్రీశైలం, మహానంది, అహోబిలం, తిరుపతి వెళ్ళాం. పదకొండుమందిమి. మార్కాపురం దాటాక అత్తయ్య, "మా ఊరి అడ్డరోడ్డు ఇక్కడే అమ్మాయ్, ఒక్క నిమిషం ఆపమను, రావిచెట్టు ఉందో లేదో చూస్తా" అంది. అక్కడ ఆమెకి ఎవరూ మిగల్లేదు, చెట్టు తప్ప. నేనే అన్నాను, "ఇప్పుడు ఆపితే శ్రీశైలంలో దర్శనం వేళ దాటిపోతుంది అత్తయ్యా, వచ్చేటప్పుడు చూద్దాం." వచ్చేటప్పుడు డ్రైవరు రోడ్డు బాగుంటుందని నెల్లూరు, ఒంగోలు మీదుగా తీసుకొచ్చాడు. అత్తయ్య ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆమె అటువైపు వెళ్ళనే లేదు. ఆ రోజు శ్రీశైలంలో దర్శనానికి ఎంతసేపు పట్టిందో నాకు గుర్తులేదు.

గంటన్నరగా బండి కదల్లేదు

గ్రాండ్ కాన్యన్ గేటు దగ్గర మావారు సీనియర్ పాస్ అడిగారు. అరవై రెండు దాటినవాళ్ళకి ఉంటుంది, కానీ ఆ దేశ పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. గేటులో అమ్మాయి నవ్వుతూ కారుకి 35 డాలర్లు తీసుకుంది. రసీదు ఏడు రోజులు చెల్లుతుందంది. ఆ మాట మా ఆడపడుచు షీటు చూసినప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. గేటువాళ్ళు ఏడు రోజులిస్తుంటే అల్లుడు రెండున్నర గంటలిస్తున్నాడు.

రెండున్నర గంటల్లో ఏం కనబడుతుందో కూడా చెప్పగలను. మేం మధ్యాహ్నం పన్నెండింటికి చేరాం. ఎండ నడినెత్తిన ఉంది. చూడగానే నిజంగా నాకేమీ అనిపించలేదు. పొడుగు 277 మైళ్ళు, లోతు ఇంచుమించు మైలు అని పిల్లలకి చెప్పిందాన్ని. ఎదురుగా చూస్తే గోడకి తగిలించిన పటంలా చదునుగా ఉంది. పైగా 7,000 అడుగుల ఎత్తు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. "విమానం లోపలి గాలి కూడా ఇంచుమించు ఇంత ఎత్తు కొండ మీద గాలంత పల్చగానే ఉంటుంది, అందులో పదహారు గంటలు కూర్చున్నాంగా" అన్నారు మావారు. నిజమే, కానీ అక్కడ నడవనిస్తేగా! "మన గండికోటే నయం, దగ్గరగా ఉంటుంది" అని కూడా అన్నారు. నేను ఒప్పుకున్నాను. అప్పుడే వెళ్ళిపోయుంటే ఇద్దరం ఇప్పటికీ అదే మాట మీద ఉండేవాళ్ళం.

కాన్యన్ అంచున యావపాయ్ అనే చోట బెంచీ మీద కూర్చుండిపోయాం. నాలుగు దాటాక నీడలు కదలడం మొదలైంది. పటం కాస్తా లోతయింది. ఒక్కో పొర వేరే రంగుకి విడిపోయి, అప్పటిదాకా ఒకే కొండనుకున్నది మూడు కొండలైంది. అన్నిటికంటే అడుగున నల్లగా ఉండే రాయి పేరు విష్ణు షిస్ట్, వయసు 170 కోట్ల ఏళ్ళ పైమాట. లోపలి శిఖరాల్లో విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లున్నవి ఉన్నాయి. 1880లలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టినవట. ఆయనకి మన దేవుళ్ళు ఎలా తట్టారో గానీ, సాయంత్రం వెలుగులో చూస్తే గోపురాలు గుర్తొచ్చిన మాట వాస్తవం.

మర్నాడు కూడా అదే బెంచీ. పక్కన దుర్భిణీ పట్టుకున్న ఒక పెద్దాయన మా చేతికిచ్చి చూడమన్నాడు. కాండోర్ అనే పెద్ద రాబందు, రెక్క మీద నంబరు బిళ్ళతో సహా. ఒకప్పుడు దాదాపు అంతరించిపోతే పెంచి వదిలారు, అందుకే నంబరు. అది రాతి అంచు మీద కూర్చుని ఎంతకీ ఎగరలేదు. నలభై నిమిషాలు మేమూ కదల్లేదు. అంతలో ఫోను. మావాడు.

"అమ్మా, గంటన్నరగా బండి కదల్లేదు. ఏమైంది? నాన్నకి బాగానే ఉందా?"

"ఏం కాలేదురా. కూర్చున్నాం."

"కూర్చుని ఏం చేస్తున్నారు?"

వాడి కంగారు నిజమైనది. మా ఫోన్లు వాడి ఫోన్లో చుక్కలై కనిపిస్తుంటాయి. చుక్క కదలకపోతే వాడికి ఆసుపత్రే గుర్తొస్తుంది. అల్లుడి షీటు కూడా ఇలాంటి ప్రేమతోనే తయారైందని నాకు తెలుసు. రెండు రోజుల సెలవు పెట్టి, రాత్రిళ్ళు కూర్చుని హోటళ్ళు వెతికి ఉంటాడు. పెద్దవాళ్ళు ఖాళీగా కూర్చుంటే విసుక్కుంటారని వీళ్ళ భయం. మాకు విసుగనేది ఎప్పుడో పోయిందని వీళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఇంకొక్క అయిదు నిమిషాలు

అన్నట్టు, విసుగు పోయిందన్నానే, అది పూర్తి నిజం కాదు. హూవర్ డ్యామ్ దగ్గర నాకు చచ్చేంత విసుగొచ్చింది.

మావారు పొద్దున పదింటికి డ్యామ్ మీద అడుగుపెట్టి మూడింటిదాకా కదల్లేదు. ఎత్తు 221 మీటర్లు, మన సాగర్ 124. ఇది కాంక్రీటు, మనది రాతి కట్టడం. ఇంత కాంక్రీటు దానంతటది చల్లారాలంటే వందేళ్ళు పట్టేదట, అందుకని లోపల గొట్టాలు పరిచి చల్లటి నీళ్ళు పారించారట. 1931లో మొదలెట్టి అయిదేళ్ళలో అప్పజెప్పేశారు. ఇవన్నీ నాకు మూడేసిసార్లు చెప్పారు. జలాశయం చుట్టూ కొండల మీద తెల్లటి చార, బకెట్‌లో నీళ్ళు దిగిపోతే మిగిలే గుర్తులా. లేక్ మీడ్ అనే ఆ జలాశయం ఆ ఏడాది బాగా దిగిపోయి ఉంది. ఆ చార చూస్తూ ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ కొలరాడో నది నీళ్ళని ఏడు రాష్ట్రాలు 1922లో పంచుకున్నాయి, మంచి వానలు పడ్డ ఏళ్ళ లెక్క చూసుకుని పంచుకున్నాయి. లేని నీళ్ళని పంచుకున్నాయి" అన్నారు. కృష్ణ గురించి ఏమీ అనలేదు. అనక్కర్లేదు, ముప్ఫై ఏళ్ళు కాలువ చివరి రైతుల చేత తిట్లు తిన్న మనిషి.

నేను నీడలో కూర్చుని మూడుసార్లు "వెళ్దామా" అన్నాను. మూడుసార్లూ "ఇంకొక్క అయిదు నిమిషాలు." నాలుగోసారి, "లేటవుతోంది, ఇప్పుడు బయల్దేరకపోతే..." అంటూ సగంలో ఆగాను. ఆ గొంతు నాకు తెలుసు. మార్కాపురం దాటాక వ్యానులో వినపడ్డది అదే. వెళ్ళి ఐస్‌క్రీము కొనుక్కుని మళ్ళీ అక్కడే కూర్చున్నాను. వేగస్ పోయింది అలాగే. ఆయనకి ఆ డ్యామ్ కావాలి, నాకు చీకట్లో ప్రయాణం వద్దు.

మా ఆడపడుచు మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదన్నది కూడా ఒప్పుకోవాలి. "మళ్ళీ వెళ్తామా వదినా? ఒక్కసారి వెళ్ళేదానికి అన్నీ చూసి రావాలి" అంటుంది. మాకు ఎయిర్‌పోర్టులో ఆరు నెలలు స్టాంపు వేశారు, కారు ఊరికే దొరికింది, రెండు చోట్లు చూసి వచ్చినా అడిగేవారు లేరు. చీటీ పాడుకుని, ఇరవై రోజులకి వెళ్ళేవాళ్ళకి ఆగమని చెప్పే మొహం నాకు లేదు. మా వీధిలో ఒకావిడ పన్నెండు రోజుల్లో తొమ్మిది దేశాల ప్యాకేజీకి వెళ్ళొచ్చింది. నేను ఎగతాళి చేద్దామనుకునేలోపు తనే అంది: "అప్పుడేం చూళ్ళేదక్కా, ఇప్పుడు ఫొటోల్లో తీరిగ్గా చూస్తున్నా." పైగా ఆ బస్సు రెండు గంటలకోసారి ఠంచనుగా ఆగేదట, అడగకుండానే. ఆ ఒక్క మాటతో ప్యాకేజీ టూర్ల మీద నాకున్న చిన్నచూపు సగం పోయింది.

చివరికి ఆడపడుచుకి మెసేజ్ పెట్టాను. మూడో రోజు పక్కనున్న మూడు గడులు తీసేసి ఆ టైమంతా కాన్యన్‌కి ఇమ్మన్నాను. "అల్లుడు ఫీలవుతాడు వదినా" అని వచ్చింది. సరే, వాళ్ళిష్టం అనుకుని ఊరుకున్నాను.

రాత్రి పదకొండింటికి మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఫ్యామిలీ గ్రూపులో కాదు, నాకొక్కదానికే. వాయిస్ కూడా కాదు, టైపు చేసింది. "వదినా, పడుకున్నావా? దారిలో బాత్రూములు ఎలా ఉంటాయి? గ్రూపులో అడగలేకపోయా."

లేచి డైరీ వెతికి, రెస్ట్ ఏరియాలు రాసుకున్న పేజీ ఫొటో తీసి పంపాను.

పొద్దున్నే షీటు మళ్ళీ వచ్చింది. పదమూడు చోట్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మధ్యలో కొత్తగా అయిదు గడులు, నీలం రంగు వేసి, పేరేమీ రాయకుండా.